నడుమ సీటు లేని బండి

మొన్న మా మేనకోడలు స్నేహ నేరేడ్‌మెట్ నుంచి ఫోన్ చేసి, "అత్తా, నీ బరువెంత?" అని అడిగింది. పలకరింపు లేదు, తిన్నావా లేదు. ఈ వయసులో నా బరువు అడిగే హక్కు డాక్టరుకు తప్ప ఇంకెవరికీ లేదని నా అభిప్రాయం. ఆయనకు కూడా నేను నిజం చెప్పను. పిల్ల వారమంతా కంప్యూటరు ముందు కూర్చుని, సెలవు రోజుల్లో ఊరి బయట చిన్న విమానాలు నడపడం నేర్పే చోటికి పోతోందనీ, ఈమధ్యే లైసెన్సు చేతికొచ్చిందనీ నాకు తెలుసు. "ఫస్ట్ ప్యాసింజర్ నువ్వే అత్తా. టూ సీటర్ కదా, వెయిట్ చూసుకోవాలె. కరెక్ట్‌గా చెప్పు, సిగ్గుపడకు," అంది. రేపు చెబుతానని పెట్టేశాను. సిగ్గుపడి కాదు. ఆ ఒక్క ప్రశ్న నన్ను పట్టుకెళ్ళి సికింద్రాబాద్ స్టేషన్ పార్సిల్ ఆఫీసులో, చేపల బుట్టల నడుమ, తూకం బల్ల ముందు నిలబెట్టింది. ఆ బల్ల మీద మా పాస్టరుగారు నిలబడి ఉన్నారు.

ఆ పార్సిల్ ఆఫీసులోనే మా నాన్న గుమాస్తా. మారేడ్‌పల్లిలో మేడ మీద వాటా మాది. నాన్న సాయంత్రం ఇంటికి రాగానే ఆ రోజు ఏ సరుకు దిగిందో చొక్కాను బట్టి చెప్పేవాళ్ళం. ఎండాకాలం మామిడిపళ్ళు, మిగతా రోజుల్లో ఎండుచేపలు. అమ్మ ఆ చొక్కాను గుమ్మం దగ్గరే విప్పించి బకెట్లో వేయించేది. జీతం కంటే గొప్పగా మాకున్నది రైలు పాసు. ఏడాదికోసారి అందరం కలిసి గుడివాడ దాకా పోయేవాళ్ళం, పోయినంత దూరం కిటికీ సీటు కోసం కొట్టుకునేవాళ్ళం. తమ్ముడికి గాలి ఆడదని కాసేపు, నాకు వాంతులని కాసేపు, నాన్నకు స్టేషన్ల పేర్లు చదవాలని కాసేపు. మా నాయనమ్మ మాత్రం ఎక్కగానే, "నేను నడుమ కూర్చుంటాలే," అని టిఫిన్ క్యారియర్ ఒళ్ళో పెట్టుకుని మా మధ్య ఇరుక్కునేది. పులిహోర వడ్డించేది, మా తగువులు తీర్చేది, ఎవరి తల వాలితే ఆ తలకు భుజం ఇచ్చేది. ఆవిడ కిటికీ దగ్గర కూర్చోగా నేను చూడలేదు. కూర్చోమని అడగాలన్న బుద్ధి కూడా మాకెవ్వరికీ పుట్టలేదు.

నాయనమ్మకు ఇద్దరు కొడుకులు. కోత పండుగ నుంచి కోత పండుగ దాకా మా దగ్గర ఒక ఏడు, గుడివాడలో చిన్నాన్న దగ్గర ఒక ఏడు. మా దగ్గరున్న ఏడు ఇంట్లో చట్టాలన్నీ ఆవిడవే. అందులో మొదటి చట్టం ప్రథమ ఫలం. మా సంఘంలో అందరికీ ఉన్న ఆచారమే కానీ, నాయనమ్మ దాన్ని పోలీసు కేసులా నడిపేది. పెరటి బొప్పాయి మొదటి కాయ గుడికి. పెట్ట పెట్టిన మొదటి గుడ్డు గుడికి. అమ్మ టీచరు ఉద్యోగంలో అందుకున్న మొదటి జీతం, కవరు చింపకుండా, గుడికి. మా ఇంట్లో మొదటిది ఏదీ మాది కాదు. నాన్న స్కూటరు కొన్నప్పుడు, వెనక సీటు మీద మొదట కూర్చోవలసింది దేవుడి సేవకుడేనని తీర్మానించి, పాస్టరుగారిని ఎక్కించి గుడి చుట్టూ తిప్పించింది. దేవసహాయం అయ్యగారు స్కూటరుకు మించిన మనిషి. ఆ ఒక్క చుట్టుతో స్కూటరు వెనక చక్రం ఒక పక్కకు వాలింది, తర్వాత ఎంతమంది మెకానిక్కులు చూసినా నిటారుగా నిలవలేదు.

ఇంతటి ఆచారవంతురాలికి ఒకే ఒక్క లోకపు ఆశ ఉండేది. సాయంత్రం డాబా మీద వడియాలు తీసే వేళకు బేగంపేటలో దిగే విమానాలు మా ఇంటి మీదుగా పోయేవి. నాయనమ్మ చేట కింద పెట్టి, చేతిని కళ్ళకు అడ్డం పెట్టుకుని, పైకి చూస్తూ, "దిగు నాయనా, మెల్లిగా దిగు," అనేది. విమానం కనబడకుండా పోయేదాకా చేట ముట్టుకునేది కాదు. కాకులకు మా వడియాల రుచి అలా అలవాటైంది.

నేను కాలేజీలో చదివేటప్పుడు, కవాతు చేసే మాలాంటి పిల్లల్లో కొందరికి తక్కువ ఫీజుతో విమానం నేర్పుతారని నోటీసు బోర్డులో పెట్టారు. పేరిచ్చి ఇంటికొచ్చి చెప్పాను. నాన్న అన్నం కలుపుతున్న చెయ్యి ఆపి, "ఆడపిల్లను పైకి పంపిస్తే దించేదెవరు?" అన్నాడు. నాయనమ్మ మజ్జిగ పోస్తూ, "ఎక్కించినాయనే దించుతాడు. నువ్వు తిను," అంది. కొడుకు అన్నాక తల్లి ముందు ఏం మాట్లాడతాడు? తిన్నాడు. మర్నాటి నుంచి తెల్లవారుతూనే ఆ వంకర స్కూటరు మీద నన్ను బేగంపేటలో దింపి, మొహం మాడ్చుకుని, నా పాఠం అయ్యేదాకా గేటు బయట టీ బండి దగ్గర నిలబడేవాడు. విమానం వైపు చూసేవాడు కాదు. టీ మాత్రం గ్లాసు మీద గ్లాసు తాగేవాడు.

నాకు నేర్పిన యాదగిరి సార్ మిలిటరీలో పనిచేసి వచ్చిన మనిషి. మీసం పెద్దది, ఓపిక చిన్నది. మొదటి రోజు విమానం చూసి నాకు నీరసం వచ్చింది. రెక్కలున్న ఆటోలా ఉంది. లోపల పెట్రోలు వాసన, ఎండకు కాగిన రెక్సిన్ వాసన, నాకు ముందు నేర్చుకున్న వాళ్ళ భయం వాసన. విమానం నడిపే కర్ర పట్టుకోమంటే రెండు చేతులతో బిగించి పట్టుకున్నాను.

"ఏందమ్మా గట్ల పట్టుకున్నవ్? బర్రె పగ్గమా అది? రెండు వేళ్లతోని పట్టు. జెర ముక్కు కిందికి వంచు. నీ ముక్కు కాదు, విమానం ముక్కు."

ఎక్కడం తొందరగానే వచ్చింది. నడపడం కూడా వచ్చింది. దిగడమే రాలేదు. చక్రాలు నేలకు తగలగానే మళ్ళీ ఎగిరేది, మళ్ళీ తగిలేది, కప్పగంతులు వేసుకుంటూ పోయి ఎక్కడో ఆగేది. సార్ టోపీ సర్దుకుని, "నువ్వు దింపుతలేవమ్మా, పడేస్తున్నవ్. దింపుడు వేరు, పడేసుడు వేరు," అనేవాడు. నాకు ఏడుపొచ్చేది. "పరేషాన్ గాకు. రేపు మళ్ళ పడేద్దువు," అని ఓదార్చేవాడు.

ఇంట్లో పాఠం నాయనమ్మ చెప్పించుకునేది. భోజనాల కుర్చీలో కూర్చుని, అప్పడాల కర్ర మోకాళ్ళ మధ్య నిలబెట్టుకుని, బయలుదేరే ముందు చూసుకోవలసినవన్నీ పైకి చదివేదాన్ని. గుడిలో అయ్యగారు ఒక మాట చదివితే సంఘం ఒక మాట అప్పజెబుతుంది కదా, ఆ అలవాటున నాయనమ్మ పక్క కుర్చీలోంచి జవాబు చెప్పేది. నేను "పెట్రోలు" అంటే "ఉంది". "తలుపు" అంటే "వేశాను". "బెల్టు" అంటే "బిగించాను". "నూనె ఒత్తిడి" అంటే "పచ్చ గీతలో ఉంది". చింతపండు నలుపుతూ, కళ్ళు మూసుకుని, ఒక్కటి కూడా తప్పకుండా చెప్పేది. నేను ఒకటి ఎగ్గొడితే చింతపండు చేత్తోనే నెత్తిన మొట్టేది.

ఒక్కదాన్నే విమానం తిప్పి దింపిన రోజున ఇంటిల్లిపాదీ వచ్చారు. క్లబ్బులో అలా మొదటిసారి ఒంటరిగా ఎగిరి దిగినవాళ్ళ మీద బకెట్ నీళ్ళు కుమ్మరించడం ఆనవాయితీ. సార్ బకెట్ ఎత్తగానే నాయనమ్మ అడ్డం పడింది. "బాప్తిస్మం ఒక్కసారేనయ్యా. దీనికి అయిపోయింది," అంది. సార్‌కు అర్థం కాలేదు. "గిది రివాజమ్మా, మా దగ్గర గిట్లనే," అన్నాడు. రివాజంటే ఆచారమేనని నాన్న చెప్పాక నాయనమ్మ ఆలోచించి, ఆచారం మాట వచ్చింది కాబట్టి సగం బకెట్‌కు ఒప్పుకుంది.

లైసెన్సు వచ్చాక ఇంకొకరిని కూర్చోబెట్టుకుని తిప్పవచ్చు. ఆ మొదటి మనిషి ఎవరో నా మనసులో ఎప్పుడో తేలిపోయింది. అన్నం దగ్గర చెప్పాను. "నాయనమ్మా, మొదట నువ్వే."

నాయనమ్మ మొహం వెలిగింది. నేను చూశాను, అబద్ధం కాదు. వెంటనే ఆరిపోయింది కూడా. "అదెట్టా? మొదటిది మనది కాదుగా," అంది. "అయ్యగారు ఎక్కాలి. ఆ తర్వాతే ఎవరైనా."

"ఇది బొప్పాయికాయ కాదు నాయనమ్మా."

"బొప్పాయికాయ ఇవ్వడం తేలిక. నాకు బొప్పాయి పడదు," అంది ఆవిడ. "ఇష్టమైంది ఇస్తేనే ఇచ్చినట్టు."

ఇంక ఆవిడతో వాదన లేదు. కోత పండుగ దగ్గరపడుతోంది. పండుగ వెళ్ళిన మర్నాడు సాయంత్రం బండికి ఆవిడ గుడివాడ వెళ్ళాలి, పాసు కూడా రాయించాడు నాన్న. మళ్ళీ ఏడాది తర్వాత వస్తుంది. అప్పటికి నేనెక్కడుంటానో, ఆవిడ మోకాళ్ళు విమానం రెక్క మెట్టు ఎక్కనిస్తాయో లేదో. అయ్యగారు తొందరగా ఎక్కి తొందరగా దిగితే తప్ప మా నాయనమ్మకు ఆకాశం లేదు. ఆ వారమంతా నాకు అదే బెంగ.

అయ్యగారికి సంగతి గుడిలో, అందరి ముందూ చెప్పింది నాయనమ్మ. ఆయన స్తోత్రం అన్నారు, కానీ గొంతులో తడి లేదు. తర్వాత నన్ను పక్కకు పిలిచి, "అమ్మాయ్, చిన్న విమానం కదా, బరువు మించితే ఎక్కనివ్వరట కదా?" అని అడిగారు. అవునండీ, తూచి రమ్మన్నారు మా సార్ అన్నాను. ఆయన కళ్ళలో ఆశ నేను గుర్తుపట్టలేకపోయాను. ఆ వారం ఆయన ఎవరింటికి ప్రార్థనకు వెళ్ళినా రెండోసారి వడ్డించుకున్నారని, మారేడ్‌పల్లిలో మూడిళ్ళ వాళ్ళు మూకుడు ఖాళీ అయిందని చెప్పుకున్నారు.

అంత మనిషిని తూచే యంత్రం మాకు తెలిసిన చోట ఒక్కటే ఉంది. నాన్న తన ఆఫీసుకు తీసుకెళ్ళాడు. అయ్యగారు చెప్పులతో, గొడుగుతో, లావుపాటి పాటల పుస్తకంతో తూకం బల్ల ఎక్కారు.

"అయ్యగారూ, ఆ పుస్తకం కింద పెట్టండి," అన్నాడు నాన్న.

"పాటల పుస్తకం లేకుండా నేనెక్కడికీ కదలను. గొడుగూ అంతే."

బుట్టలు మోసే అతను ఎవరో అలవాటుగా చీటీ, జిగురు పట్టుకుని వచ్చి, "ఏ ఊరికి సార్ బుకింగు?" అన్నాడు. మా నాన్న ఎప్పుడూ నవ్వని మనిషి, "పైకి," అన్నాడు. అయ్యగారి మొహంలో నెత్తురుచుక్క లేదు. అన్నీ కలిపి తూచినా బరువు హద్దులోనే ఉంది. నాన్న దేవునికి స్తోత్రం అన్నాడు. అయ్యగారు ఆమెన్ అనడానికి కాస్త సమయం పట్టింది.

పండుగకు ముందు శనివారం పొద్దున సంఘమంతా బేగంపేటకు వచ్చింది. ఆరాధనకు వేసుకునే పొడుగు తెల్ల అంగీ విప్పితేగాని ఎక్కించనని యాదగిరి సార్ పట్టుబడితే, అయ్యగారు చొక్కాతో వచ్చి నా పక్కన ఇరుక్కున్నారు. బెల్టు చాలక సార్ మోకాలు ఆనించి బిగించాడు. నేను చదవడం మొదలుపెట్టాను. "పెట్రోలు." "ఆమెన్," అన్నారు అయ్యగారు. "తలుపు." "ఆమెన్." "బెల్టు." "ఆమెన్, ఆమెన్." ఇంజను తిప్పబోతుంటే నా చెయ్యి పట్టుకుని, "అమ్మాయ్, ఒక్క చిన్న ప్రార్థన," అన్నారు.

అయ్యగారి చిన్న ప్రార్థన సంగతి సంఘంలో పుట్టిన పసిపిల్లకు కూడా తెలుసు. మొదట విమానం కోసం చేశారు. చక్రాల కోసం, రెక్కల కోసం విడివిడిగా చేశారు. తర్వాత నా చదువు, నా పెళ్ళి, దేశ నాయకులు, రైల్వే శాఖ, గుడిసెల్లో ఉన్నవాళ్ళు, ఆసుపత్రుల్లో ఉన్నవాళ్ళు. నేను ఒక కన్ను తెరిచి చూస్తూనే ఉన్నాను. మైదానం చివర గాలి ఎటు వీస్తుందో చూపే గుడ్డగొట్టం మొదట సోమరిగా వేలాడుతోంది. ఆసుపత్రుల దగ్గరికి వచ్చేసరికి కదిలింది. విధవరాండ్ర దగ్గరికి వచ్చేసరికి అడ్డంగా, బిర్రుగా నిలబడింది. పక్కగాలి అంత ఉంటే కొత్తవాళ్ళు ఎగరకూడదు. యాదగిరి సార్ వచ్చి రెక్క మీద తట్టాడు.

"అయ్యగారూ, ఇంగ దిగుండ్రి. గాలొచ్చింది. ఇయ్యాల కాదు."

అయ్యగారు ఆ క్షణాన అన్న ఆమెన్ అంత మనస్ఫూర్తిగా ఆయన నోట నేను మళ్ళీ వినలేదు.

ఇంటికొచ్చి నేను ఏడ్చాను. ఇంక మిగిలింది ఆదివారం పండుగ, సోమవారం ప్రయాణం. "సోమవారం పొద్దున వచ్చెయ్ నాయనమ్మా, దేవుడేమీ అనుకోడు," అన్నాను. "ఆయన అనుకోకపోవచ్చు. నేను అనుకుంటాను," అంది. ఆ పట్టుదల చూసి నాకు ఒళ్ళు మండింది. పెట్టె సర్దుకుంటూ మధ్యలో లేచి డాబా మీదికి వెళ్ళింది. వెనకాలే వెళ్ళాను. విమానం ఏదీ రావడం లేదు. ఊరికే పైకి చూస్తోంది.

కోత పండుగ రోజున మా గుడి ఆవరణ కూరగాయల మార్కెట్టే. గుమ్మడికాయలు, అరటి గెలలు, కేకులు, కాళ్ళు కట్టిన కోళ్ళు, ఎవరో అల్లిన ఉన్ని టోపీలు, అన్నీ దేవుడికి అర్పించినవి. ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తారు, ఆ డబ్బు గుడికి. దేవుడికి చేరినదాన్ని పాడుకుని ఇంటికి తెచ్చుకోవడంలో తప్పు లేదు, పైగా దీవెన. వేలం వెయ్యడంలో అయ్యగారిది అందెవేసిన చెయ్యి. ఒక్క కోడిపెట్టను మేక ధరకు లాగగలరు. ఒకటోసారి అని సోడా తాగేవారు, రెండోసారి అని పెట్ట గుణగణాలు వర్ణించేవారు, మూడోసారి అనడానికి పొద్దు వాలేది.

ఆ రోజు కోళ్ళయ్యాయి, గెలలయ్యాయి. అయ్యగారు చొక్కా చేతులు వెనక్కి మడిచి, గొంతు సవరించుకున్నారు. "సహోదరీ సహోదరులారా, ఇంకొక అర్పణ మిగిలింది. మన సంఘపు పిల్ల కరుణ నడిపే విమానంలో ప్రథమ ఫలమైన సీటు. అది దేవునికి చేరింది. నిన్న నేను అందులో కూర్చున్నాను, ప్రార్థించాను, స్వీకరించాను. కనుక దాన్ని కూడా వేలానికి పెడుతున్నాను."

ఆవరణలో కోళ్ళు కూడా ఊరుకున్నాయి. పెద్దవాళ్ళు చెప్పుల వైపు చూసుకున్నారు. వెనక వరుసలో ఇద్దరు కుర్రవాళ్ళు చేతులు లేపబోయారు. నాయనమ్మ వెనక్కి తిరిగి వాళ్ళ వైపు చూసింది. సండే స్కూల్లో ఆవిడ చేతి కింద చదివిన వాళ్ళే ఇద్దరూ. చేతులు జేబుల్లోకి పోయాయి. అప్పుడు నాయనమ్మ లేచి, రొంటిన దోపుకున్న గుడ్డసంచి తీసి, ఒక మొత్తం చెప్పింది. ఆ డబ్బుకు కోడిపెట్ట కాదు కదా, దాని ఈక కూడా రాదు.

"ఒకటోసారి రెండోసారి మూడోసారి," అన్నారు అయ్యగారు, ఒక్క గుక్కలో.

సోమవారం పొద్దున గాలి లేదు. నాయనమ్మ గుడికి కట్టుకునే తెల్లచీర కొంగు నడుముకు దోపుకుని, నాన్న భుజం పట్టుకుని రెక్క మెట్టు ఎక్కింది. తలుపు దగ్గర ఆగి లోపలికి చూసింది. ఎక్కడ కూర్చోవాలో ఆవిడకు తోచలేదు. అలవాటుగా, "నేను నడుమ కూర్చుంటాలే," అంది.

"ఇందులో నడుమ సీటు లేదు నాయనమ్మా," అన్నాను.

ఆవిడ నా వైపు చూసింది, సీటు వైపు చూసింది, కిటికీ వైపు చూసింది. ఇన్నేళ్ళు ఆవిడను నడుమ కూర్చోబెట్టింది మేమే కదా. ఆవిడ కూర్చుని ఒళ్ళో చేతులు పెట్టుకుంది. టిఫిన్ క్యారియర్ లేని ఆ ఒళ్ళు చూస్తే కొత్తగా ఉంది.

"పెట్రోలు," అన్నాను. "ఉంది." "తలుపు." "వేశాను." "బెల్టు." "బిగించాను." "నూనె ఒత్తిడి." వంగి చూసింది. "పచ్చ గీతలో ఉంది. పోనియ్."

పైకి లేచాక ఆవిడ అరచెయ్యి అద్దానికి ఆనించి కూర్చుంది. హుస్సేన్‌సాగర్ చూపించాను, స్టేషనులో బయలుదేరుతున్న రైలు చూపించాను, మా డాబా ఆనవాలు తెలియడానికి అమ్మ పరిచిన ఎర్ర దుప్పటి చూపించాను. అన్నిటికీ తలూపింది. ఎందుకో తెలియదు, ఆవిడ కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు. దిగడానికి ముక్కు వంచినప్పుడు మాత్రం, డాబా మీద అనే ఆ మాటే, ఈసారి పక్క సీటులోంచి నాతో అంది. "దిగు నాయనా, మెల్లిగా దిగు."

చక్రాలు నేలకు ఎప్పుడు తగిలాయో నాకు తెలియలేదు. యాదగిరి సార్ పరుగున వచ్చి తలుపు తీసి, "ఇయ్యాల దింపినవమ్మా. పడేయలే," అన్నాడు. ఆయన వెనక మా నాన్న ఉన్నాడు. విమానం దిగేదాకా కళ్ళు తిప్పకుండా చూడడం ఆయనకు అదే మొదటిసారట. చేతిలో టీ గ్లాసు అలాగే ఉంది, టీ అంతా చొక్కా మీద ఉంది. ఆ వెనక అయ్యగారు, గొడుగుతో. "ఎలా ఉందమ్మా పైన?" అని ఆత్రంగా అడిగారు.

నాయనమ్మ చీర కుచ్చెళ్ళు సర్దుకుని, "వందనాలండి అయ్యగారూ," అంది. "మీరు ఎగరకపోవడమే మంచిదైంది. ఎగిరుంటే ఆ సీటు వేలానికి పెట్టేవాళ్ళు కాదు."

ఆ సాయంత్రం బండిలో నాన్న ఆవిడను కిటికీ పక్కన కూర్చోబెట్టి వచ్చాడు. టిఫిన్ క్యారియర్ తానే పైన పెట్టాడట.

తర్వాత నాకు బ్యాంకు ఉద్యోగం వచ్చింది, ఊళ్ళు మారాను, ఎగరడం ఆగిపోయింది. బేగంపేటలో దిగే విమానాలు కూడా ఊరి బయటికి వెళ్ళిపోయాయి. మారేడ్‌పల్లి డాబాల మీద ఇప్పుడు నీళ్ళ ట్యాంకులు తప్ప వడియాలు లేవు, పైకి చూసి దిగు నాయనా అనేవాళ్ళూ లేరు. ఈ ఏడు కోత పండుగకు గుడికి వెళ్ళాను. కానుకల పెట్టె మీద ఫోనుతో డబ్బు పంపే నల్లచుక్కల బొమ్మ అతికించారు. సౌకర్యంగానే ఉంది, కాదనను. కానీ ఆ బొమ్మ దగ్గర దేన్నీ పాడుకుని వెనక్కి తెచ్చుకోలేం.

రాత్రి భోజనం మానేసి, పొద్దున బరువు చూసుకుని స్నేహకు ఫోన్ చేశాను. నిజమే చెప్పాను. "ఓకే అత్తా, లిమిట్‌లనే ఉన్నవ్," అంది. ఆ మాట విన్నాక తెలిసింది, నేను మించుతానేమోనని ఆశపడ్డానని. ఒకప్పుడు నేనే నడిపిన బండి, ఇప్పుడు ఎక్కాలంటే భయం. దేవసహాయం అయ్యగారిని తలచుకుని ఇన్నేళ్ళు నవ్వుకున్నాను, ఆయన ఎక్కడున్నా నన్ను క్షమించాలి.

"స్నేహా, ఇంజను తిప్పే ముందు ఒక్క చిన్న ప్రార్థన చేసుకుంటానే," అన్నాను.

"ఎంత చిన్నది అత్తా?" అంది. ఈ కథ వాళ్ళ నాన్న దానికి చెప్పకుండా ఉంటాడా.

"చిన్నదే," అన్నాను. "ఆసుపత్రుల దాకా పోను."